కడుపులో పుండు: కారం చేసిందా, క్రిమి చేసిందా?



మా ఇంట్లో కొత్త ఆవకాయ జాడీ మూత తీస్తే అందరికీ నోరూరుతుంది. తాతయ్య మాత్రం పెరుగన్నం కంచం ముందే కూర్చుంటారు. శ్రీకాకుళం జిల్లా నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి, క్యాంప్ 2లో స్థిరపడిన మనిషి ఆయన. పొట్ట మీద నిలువుగా ఒక పాత ఆపరేషన్ మచ్చ ఉంది. 1970లలో కడుపులో పుండు ముదిరితే జీర్ణాశయంలో కొంత భాగం తీసేశారట. "నైట్ షిఫ్టులు, వేళకాని తిండి, మన కారం, ఇవే నా కడుపు తినేసినాయి" అని ఆయన నమ్మకం. అప్పటి నుంచి కారం ముట్టలేదు.

పోయిన ఏడాది నాన్నకూ అలాంటి నొప్పే మొదలైంది. తెల్లవారుజామున రెండు గంటలకు లేచి, పొట్ట పట్టుకుని కూర్చునేవారు. రెండు బిస్కెట్లు తింటే తగ్గేది. మళ్ళీ కడుపు ఖాళీ అయితే మంట. వీధి చివర మందుల దుకాణంలో "గ్యాస్ మాత్ర" కొనుక్కుని నెలల తరబడి నెట్టుకొచ్చారు. చివరికి అమ్మ బలవంతం మీద డాక్టరు దగ్గరకు వెళ్తే, ఆయన కారం గురించి అడగనే లేదు. ఒక పరీక్ష రాశారు. ఆ కాగితం మీద ఉన్న పేరు హెలికోబాక్టర్ పైలోరీ. అది ఏమిటో తెలుసుకోవాలని మా జీవశాస్త్రం టీచరుగారిని అడిగాను, పుస్తకాలు చదివాను. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాను. ఎందుకంటే "గ్యాస్ మాత్ర" లేని ఇల్లు మన క్యాంపులో అరుదు.

జీర్ణాశయం అనే ఆమ్లపు తిత్తి

మన జీర్ణాశయం గోడల్లోని గ్రంథులు రోజుకు సుమారు ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల జఠర రసం తయారుచేస్తాయి. అందులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు దాని పీహెచ్ విలువ 1 నుంచి 2 వరకు ఉంటుంది. నిమ్మరసం పీహెచ్ కూడా దాదాపు 2 అని మనం పదో తరగతిలో చదువుకున్నాం. అంటే కడుపులోని రసం నిమ్మరసమంత, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఆమ్లగుణం గలది.

ఈ ఆమ్లం రెండు పనులు చేస్తుంది. మాంసకృత్తులను జీర్ణం చేసే పెప్సిన్ అనే ఎంజైమ్ పనిచేయడానికి వీలు కల్పిస్తుంది. ఆహారంతో, నీటితో లోపలికి వచ్చిన సూక్ష్మజీవుల్లో చాలావాటిని చంపేస్తుంది.

మరి ఇంత ఆమ్లం జీర్ణాశయం గోడనే ఎందుకు తినేయదు? గోడ లోపలి వైపు జిగురుగా ఉండే శ్లేష్మపు పొర ఒకటి పరచుకుని ఉంటుంది. అందులో ఆమ్లాన్ని తటస్థీకరించే బైకార్బనేట్ కూడా ఉంటుంది. మనం ఇంటి గోడకు వేసే సున్నంలా ఈ పొర లోపలి కణాలను కాపాడుతుంది. ఏ కారణంగానైనా ఈ పొర దెబ్బతింటే ఆమ్లం నేరుగా కణాలను తాకుతుంది. అక్కడ గాయమవుతుంది. ఆ గాయమే పుండు, అంటే అల్సర్. జీర్ణాశయంలోనూ రావచ్చు, దాని తర్వాత వచ్చే చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోనూ రావచ్చు.

పెర్త్ నగరంలో ఇద్దరు డాక్టర్లు

చాలా కాలం పాటు ప్రపంచంలోని డాక్టర్లు కూడా మా తాతయ్యలాగే అనుకున్నారు. ఆందోళన, కారం, ఆమ్లం ఎక్కువ కావడం, ఇవే పుండుకు కారణాలని పాఠ్యపుస్తకాల్లో ఉండేది. అంత ఆమ్లంలో ఏ బాక్టీరియా స్థిరంగా కాపురం ఉండలేదని గట్టి నమ్మకం.

1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే డాక్టరు, రోగుల జీర్ణాశయం నుంచి తీసిన చిన్న ముక్కలను సూక్ష్మదర్శినిలో చూస్తుండగా వంకర తిరిగిన బాక్టీరియా కనిపించాయి. అవి ఉన్నచోటల్లా జీర్ణాశయం గోడ వాచి ఉంది. 1981లో బారీ మార్షల్ అనే యువ వైద్యుడు ఆయనతో కలిశారు. ఆ బాక్టీరియాను ప్రయోగశాలలో పెంచాలని ఎన్నిసార్లు ప్రయత్నించినా పెరగలేదు. రెండు రోజులు చూసి, ఏమీ కనిపించకపోతే ఆ పళ్ళేలను పారేసేవారు. 1982 ఏప్రిల్‌లో ఈస్టర్ సెలవులు వచ్చాయి. పళ్ళేలు అలాగే ఇంక్యుబేటర్‌లో ఉండిపోయాయి. సెలవుల తర్వాత తెరిచి చూస్తే వాటిలో బాక్టీరియా పెరిగి ఉంది. అది మెల్లగా పెరిగే జాతి అని, రెండు రోజులు దానికి చాలవని అప్పుడు తెలిసింది.

అయినా చాలామంది నమ్మలేదు. జబ్బుపడిన కడుపులోకి క్రిమి తర్వాత వచ్చి చేరిందేమో అన్నారు. 1984లో మార్షల్ ఆ బాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగారు. కొద్ది రోజుల్లోనే వికారం, వాంతులు మొదలయ్యాయి. ఎండోస్కోపీ చేసి చూస్తే, అంతకుముందు ఆరోగ్యంగా ఉన్న ఆయన జీర్ణాశయం గోడ వాచిపోయింది. ఆ వాపులో అవే బాక్టీరియా ఉన్నాయి. ఆయనకు పుండు పడలేదు, కానీ పుండుకు ముందు వచ్చే వాపు క్రిమి వల్లే వస్తుందని రుజువైంది. తర్వాత యాంటిబయాటిక్ మందులు వాడి కోలుకున్నారు. ఇలాంటి ప్రయోగం మనమెవరం చేయకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

1989లో ఈ బాక్టీరియాకు హెలికోబాక్టర్ పైలోరీ అనే పేరు స్థిరపడింది. హెలికో అంటే మెలి తిరిగినది. పైలోరస్ అంటే జీర్ణాశయం చివరి ద్వారం. 2005లో వారెన్, మార్షల్ ఇద్దరికీ వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఆమ్లంలో ఎలా బతుకుతుంది?

ఈ క్రిమి దగ్గర మూడు ఉపాయాలు ఉన్నాయి.

మొదటిది యూరియేజ్ అనే ఎంజైమ్. మన రక్తంలో ఉండే యూరియా కొద్దిగా జఠర రసంలోకి కూడా ఊరుతుంది. యూరియేజ్ ఆ యూరియాను అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. అమ్మోనియా క్షారం. ఆమ్లం, క్షారం కలిస్తే తటస్థీకరణ జరుగుతుంది కదా! అలా ఈ క్రిమి తన చుట్టూ ఉన్న కొద్దిపాటి జాగాలో ఆమ్లాన్ని తగ్గించుకుంటుంది. జీర్ణాశయం మొత్తం ఆమ్లంగానే ఉంటుంది, దాని చుట్టూ మాత్రం కాదు.

రెండోది ఈత. దీని ఒక చివర దారాల్లాంటి కశాభాలు ఉంటాయి. శరీరం మెలి తిరిగి ఉంటుంది. మరమేకు చెక్కలోకి దిగినట్టు ఇది జిగురు శ్లేష్మంలోకి దూసుకుపోతుంది. అమ్మోనియా వల్ల ఆ జిగురు కాస్త పలుచబడి దారి ఇంకా సులువవుతుంది. పై నుంచి కిందికి పోయేకొద్దీ ఆమ్లం తగ్గుతుంది, ఆ తేడాను గుర్తుపట్టి గోడ వైపు ఈదుతుంది.

మూడోది పట్టు. గోడ దగ్గరకు చేరాక, తన పైపొరలో ఉన్న ప్రత్యేకమైన మాంసకృత్తుల సాయంతో కణాలకు అంటుకుంటుంది. అందువల్ల ఆహారంతో పాటు కిందికి కొట్టుకుపోదు. చిన్నతనంలో ఒకసారి చేరితే, మందు పడకపోతే, సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది.

మన ప్రయోగశాలలో చూద్దాం

యూరియేజ్ పనిని క్రిమి లేకుండానే చూడవచ్చు. ఈ ఎంజైమ్ సోయా గింజల్లో కూడా ఉంటుంది. వేయించని పచ్చి సోయా పొడిని ఒక పరీక్షనాళికలో వేసి, కొంచెం యూరియా కరిగించిన నీళ్ళు పోయండి. తడిపిన ఎర్ర లిట్మస్ కాగితాన్ని నాళిక మూతి దగ్గర పట్టుకోండి. కొంతసేపటికి కాగితం నీలంగా మారుతుంది. బయటికి వచ్చిన అమ్మోనియా వల్లే ఆ మార్పు. రెండో నాళికలో బాగా ఉడకబెట్టిన సోయా పొడి వేసి ఇలాగే చేయండి. ఈసారి రంగు మారదు, వేడికి ఎంజైమ్ చెడిపోయింది కాబట్టి. ఈ ప్రయోగాన్ని టీచరుగారి సమక్షంలోనే చేయాలి, నాళికలోని పదార్థాన్ని రుచి చూడకూడదు, ముక్కు దగ్గర పెట్టుకోకూడదు.

1926లో జేమ్స్ సమ్నర్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక రకం చిక్కుడు గింజల నుంచి యూరియేజ్‌ను స్ఫటికాలుగా వేరుచేశారు. స్ఫటిక రూపంలో దొరికిన మొదటి ఎంజైమ్ ఇదే. ఈ ప్రయోగాన్ని గుర్తుంచుకోండి, వ్యాధి నిర్ధారణలో మళ్ళీ వస్తుంది.

పుండు ఎలా పడుతుంది?

గోడకు అంటుకున్న క్రిములను చంపడానికి మన శరీరం తెల్ల రక్తకణాలను పంపుతుంది. అవి శ్లేష్మం లోపల దాక్కున్న క్రిమిని పూర్తిగా తొలగించలేవు. పోరాటం మాత్రం ఏళ్ళ తరబడి సాగుతుంది. దాని ఫలితంగా గోడ వాస్తుంది. దీన్ని గ్యాస్ట్రైటిస్ అంటారు. కొన్ని రకాల క్రిములు వాక్‌ఏ అనే విషపదార్థాన్ని విడుదల చేస్తాయి. కొన్ని క్యాగ్‌ఏ అనే మాంసకృత్తిని ఇంజెక్షన్ సూదితో గుచ్చినట్టు నేరుగా కణంలోకి పంపుతాయి. ఇలాంటి రకాలు ఎక్కువ హాని చేస్తాయి.

క్రిమి జీర్ణాశయం చివరి భాగంలో ఎక్కువగా ఉంటే ఆమ్లం ఉత్పత్తి పెరుగుతుంది. ఎక్కువైన ఆమ్లం ఆంత్రమూలంలోకి దిగి అక్కడ పుండు చేస్తుంది. ఈ రకం పుండులో కడుపు ఖాళీగా ఉన్నప్పుడు, అర్ధరాత్రి నొప్పి వచ్చి, ఏదైనా తింటే తగ్గడం తరచుగా కనిపిస్తుంది. నాన్నకు బిస్కెట్లతో నొప్పి తగ్గడానికి కారణం ఇదే. జీర్ణాశయంలోనే పుండు ఉంటే తిన్న తర్వాత నొప్పి రావచ్చు.

పుండు ముదిరి రక్తనాళాన్ని తాకితే రక్తస్రావం అవుతుంది. గోడకు రంధ్రం పడితే ప్రాణానికే ముప్పు. ఈ బాక్టీరియా జీర్ణాశయ క్యాన్సర్‌కు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లో ప్రకటించింది.

భయపడనక్కర్లేదు. ప్రపంచ జనాభాలో దాదాపు సగం మందిలో ఈ క్రిమి ఉంటుందని అంచనా. వారిలో చాలామందికి ఏ బాధా ఉండదు. పదిమందిలో ఒకరికో ఇద్దరికో మాత్రమే పుండు పడుతుంది.

ఇంకొక ముఖ్యమైన విషయం. పుండ్లన్నీ ఈ క్రిమి వల్లే రావు. రెండో పెద్ద కారణం నొప్పి మాత్రలు. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ వంటివి ఎక్కువ కాలం వాడితే శ్లేష్మపు పొర బలహీనపడుతుంది. బరువు పనులు చేసి ఒళ్ళు నొప్పులకు రోజూ మాత్ర వేసుకునేవారు మన చుట్టుపక్కల తక్కువేమీ కాదు. పొగతాగడం వల్ల పుండు త్వరగా మానదు.

అన్నం తినేవాళ్ళు, రొట్టె తినేవాళ్ళు

ఇక కారం సంగతి. కారం పుండు ఉన్నవాళ్ళకు మంట పెంచవచ్చు. కానీ ఆరోగ్యంగా ఉన్న కడుపులో పుండు పుట్టించేది కారం కాదు. నైట్ షిఫ్టు, ఆందోళన బాధను ఎక్కువ చేయవచ్చు గానీ, అసలు కారణం వెతకకుండా వాటి మీదే నెపం వేస్తే రోగం లోపలే ఉండిపోతుంది.

1960లలో ఎస్.ఎల్. మల్హోత్రా అనే రైల్వే వైద్యుడు వివిధ ప్రాంతాల రైల్వే ఉద్యోగులను పోల్చి చూశారు. రొట్టెలు తినే ఉత్తర భారతీయుల కన్నా అన్నం తినే దక్షిణ భారతీయుల్లో పుండ్లు ఎక్కువని రాశారు. ఈ క్రిమి మాత్రం ఉత్తరాన, దక్షిణాన కూడా విరివిగా ఉంది. అంటే క్రిమితో పాటు తిండి, ఆ క్రిమి రకం, మనిషి శరీర స్వభావం కూడా లెక్కలోకి వస్తాయన్నమాట. ఉత్తరాదివాళ్ళూ దక్షిణాదివాళ్ళూ ఒకే వీధిలో ఉండే మన భిలాయిలో ఇది ఆలోచించదగ్గ విషయం.

ఈ క్రిమి మనుషులతో చాలా పాతకాలం నుంచి ఉంది. సుమారు 58,000 ఏళ్ళ క్రితం ఆఫ్రికా నుంచి మనుషులు బయలుదేరినప్పుడే అది వారి కడుపుల్లో ఉందని 2007లో వెలువడిన జన్యు పరిశోధన తెలిపింది. అదే ఏడాది, హైదరాబాద్‌లోని డీఎన్ఏ వేలిముద్రల పరిశోధన కేంద్రంలో (సీడీఎఫ్‌డీ) పనిచేసిన నియాజ్ అహ్మద్ బృందం భారతీయుల్లోని ఈ బాక్టీరియా జన్యువులను పరిశీలించి, వాటి మూలాలు యూరప్ రకాలతో కలుస్తున్నాయని ప్రచురించింది. మన పూర్వీకులు ఎక్కడెక్కడ తిరిగారో చెప్పే ఆనవాలు ఒక క్రిమిలో దొరకడం వింతే!

ఎలా కనిపెడతారు?

1. శ్వాస పరీక్ష: కార్బన్-13 అనే ప్రత్యేకమైన కార్బన్ ఉన్న యూరియాను తాగిస్తారు. కడుపులో క్రిమి ఉంటే దాని యూరియేజ్ ఆ యూరియాను విడగొడుతుంది. వచ్చిన కార్బన్ డయాక్సైడ్ రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల ద్వారా బయటికి వస్తుంది. సుమారు అరగంట తర్వాత ఊదించి, ఆ గాలిలో కార్బన్-13 ఎంత పెరిగిందో కొలుస్తారు.

2. మల పరీక్ష: మలంలో ఈ క్రిమికి చెందిన మాంసకృత్తుల ఆనవాళ్ళు ఉన్నాయేమో చూస్తారు. నొప్పి లేని పరీక్ష.

3. ఎండోస్కోపీ: చివర కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని నోటి ద్వారా లోపలికి పంపి పుండును కంటితో చూస్తారు. గోడ నుంచి చిన్న ముక్క తీసి, యూరియా, ఫినాల్ రెడ్ సూచిక ఉన్న పదార్థంలో పెడతారు. క్రిమి ఉంటే అమ్మోనియా పుట్టి, పసుపు రంగు గులాబీ రంగుగా మారుతుంది. మన సోయా ప్రయోగం ఇదే కదా! ఆ ముక్కను సూక్ష్మదర్శినిలో కూడా చూస్తారు.

4. రక్త పరీక్ష: క్రిమికి వ్యతిరేకంగా తయారైన ప్రతిరక్షకాలను చూపుతుంది. క్రిమి పోయిన తర్వాత కూడా ప్రతిరక్షకాలు చాలా కాలం ఉంటాయి. కాబట్టి ఇప్పుడు క్రిమి ఉందో లేదో దీనితో తేల్చి చెప్పలేం.

ఒక జాగ్రత్త ఉంది. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటి ఆమ్లం తగ్గించే మాత్రలు వాడుతుంటే క్రిమి అణిగి ఉండి, పరీక్షలో కనిపించకపోవచ్చు. అందుకే పరీక్షకు రెండు వారాల ముందు ఈ మాత్రలు, నాలుగు వారాల ముందు నుంచి యాంటిబయాటిక్‌లు ఆపమంటారు. ఏ మాత్రలు వాడుతున్నామో డాక్టరుకు దాచకుండా చెప్పాలి, వాటిని ఆపడం కూడా ఆయన చెప్పినట్టే చేయాలి.

చికిత్స: 14 రోజుల లెక్క

గ్యాస్ మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తుంది, పుండు కొంత మానుతుంది. కానీ క్రిమి అక్కడే ఉంటుంది కాబట్టి మాత్ర ఆపగానే పుండు తిరిగి రావచ్చు. క్రిమిని చంపాలంటే ఆమ్లం తగ్గించే మందుతో పాటు రెండు రకాల యాంటిబయాటిక్‌లు, కొన్నిసార్లు బిస్మత్ కూడా కలిపి, సాధారణంగా 14 రోజులు ఇస్తారు.

ఈ మందుల్లో ఒకటి టెట్రాసైక్లిన్. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో వెలుగులోకి వచ్చింది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో బెంజమిన్ డగ్గర్ దాన్ని కనుగొన్నప్పుడు అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహించినవారు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

నాన్నకు ఎండోస్కోపీలో ఆంత్రమూలంలో పుండు కనిపించింది. ముక్క పెట్టిన పదార్థం గులాబీ రంగుకు మారింది. మందులు మొదలుపెట్టిన ఆరో రోజుకే నొప్పి పోయింది. "తగ్గిపోయింది కదా, ఇంక ఎందుకు, నోరంతా చేదుగా ఉంది" అని నాన్న ఆపేయబోయారు. అమ్మ క్యాలెండర్ మీద రోజుకో గీత పెడుతూ పద్నాలుగూ పూర్తి చేయించింది. మధ్యలో ఆపేస్తే మిగిలిపోయిన క్రిములు ఆ మందుకు లొంగకుండా తయారవుతాయి. మన దేశంలో మెట్రోనిడజోల్, క్లారిత్రోమైసిన్ వంటి మందులకు లొంగని రకాలు ఇప్పటికే ఉన్నాయి. అందుకే ఒకరి చీటీతో ఇంకొకరు మందులు కొనుక్కోకూడదు. మందులు అయిపోయిన తర్వాత కనీసం నాలుగు వారాలు ఆగి మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి. నాన్నకు రెండోసారి పరీక్షలో క్రిమి కనిపించలేదు.

ఇదంతా నేను తాతయ్యకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి నాకప్పుడు ఎవులూ సెప్పనేదేటి?" అని అడిగారు. "అప్పటికి డాక్టర్లకే తెలీదు తాతయ్యా" అన్నాను. ఆయనకూ ఈ క్రిమి వల్లే వచ్చిందో కాదో ఇప్పుడు చెప్పలేం. ఆయన ఆపరేషన్ నాటికి పెర్త్‌లో ఆ పళ్ళేలు ఇంకా తెరవలేదు. కానీ మనకు ఇప్పుడు తెలుసు. తెలిసి కూడా నెలల తరబడి గ్యాస్ మాత్రలతో గడిపితే తప్పు మనదే అవుతుంది.

మనం చేయవలసినవి

ఈ క్రిమి ఎక్కువగా చిన్నతనంలో, ఇంట్లోవాళ్ళ నుంచే అంటుకుంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. లాలాజలం, వాంతి, మలం, కలుషితమైన నీరు ద్వారా రావచ్చు. చిన్న ఇంట్లో ఎక్కువమంది ఉండేచోట త్వరగా వ్యాపిస్తుంది. కాబట్టి:

• తినే ముందు, మరుగుదొడ్డికి వెళ్ళి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.
• తాగే నీటిని కాచి లేదా వడపోసి, మూత పెట్టి ఉంచాలి.
• అన్నం నమిలి చంటిపిల్లల నోట్లో పెట్టకూడదు.
• నొప్పి మాత్రలు డాక్టరు చెప్పకుండా రోజూ వేసుకోకూడదు.
• రెండు మూడు వారాలకు మించి కడుపు మంట ఉంటే పరీక్ష చేయించుకోవాలి.
• తారులా నల్లటి విరేచనం, రక్తపు వాంతి, ఉన్నట్టుండి భరించలేని కడుపునొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కారణం లేకుండా బరువు తగ్గుతుంటే ఆలస్యం చేయకుండా డాక్టరును కలవాలి.

ఆలోచించి జవాబు రాయండి

1. యూరియేజ్ లేకపోతే ఈ బాక్టీరియా జీర్ణాశయంలో ఎందుకు బతకలేదు?
2. శ్వాస పరీక్షలోనూ, మన సోయా ప్రయోగంలోనూ ఒకే రసాయన చర్య జరుగుతుంది. అది ఏది?
3. ఆమ్లం తగ్గించే మాత్ర వాడుతూ పరీక్షకు వెళ్తే ఫలితం ఎందుకు తప్పు రావచ్చు?
4. మీ ఇంట్లో ఎవరైనా చాలా కాలంగా గ్యాస్ మాత్రలు వాడుతున్నారా? వారు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నారేమో ఈ రోజే అడిగి తెలుసుకోండి.